విత్తనానికి ఇనుము తగిలితే

ఒక వేసవి మొదట్లో మా వదిన కుడిచేతి బొటనవేలు వాచింది. వేలి మొదట్లో కణుపు ఉబ్బి, వంచితే కళ్లలో నీళ్లు తిరిగేవి. న్యాల్‌కల్ దగ్గరి వాళ్ల ఊరి నుంచి బస్సెక్కి జహీరాబాద్‌లోని మా ఇంటికి వచ్చింది. దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ ఆ వేలిని అటూ ఇటూ కదిపి చూసి, “ఈ వేలితో ఏం పని చేస్తావమ్మా?” అని అడిగింది.

“ఏం పని చెయ్య, చెప్పు?” అంది వదిన. “పాలు పిండుత, రొట్టె జేస్త, కలుపు దీస్త, మక్కలు ఒలుస్త. మా ఆయన వీపు గీకుత.”

డాక్టరమ్మ నవ్వింది. మిగతా పనులు తగ్గించమంది, మక్కలు ఒలవడం మాత్రం పూర్తిగా మానెయ్యమంది. ఎండిన మొక్కజొన్న కంకి మీద బొటనవేలితో గింజను నెట్టడమంటే వేలిని రాయికేసి కొట్టుకోవడమేనట. మానకపోతే ఆ వేలు ఇక వంగదని కూడా చెప్పింది.

ఆ మాటతో వదిన ముఖంలో నవ్వు పోయింది. బయటికి వచ్చాక చెరుకు రసం బండి దగ్గర గ్లాసు చేతపట్టుకుని, తాగకుండా అట్లాగే నిలబడింది. “ఇగ ఈ ఏడుతోని ఇత్తనం ఇడుస్త, పిల్లా,” అంది చివరకు.

నాకు యాభై దాటి చాలా ఏళ్లయింది. ఇరవై ఏళ్లకు పైగా బడిలో సైన్సు చెప్పాను. అయినా వదినకు నేను పిల్లనే. ఆమె కాపురానికి వచ్చేనాటికి నేను రెండు జడలు వేసుకుని పలక మోసుకుపోయేదాన్ని.

ఆమె విడుస్తానన్నది తెల్ల మక్క విత్తనం. వాళ్ల ఊళ్లో చేలల్లో వేసేదంతా ప్యాకెట్లలో కొన్న పసుపుపచ్చ మక్క. అది కోతకు వస్తే ట్రాక్టరుకు తగిలించిన మిషను వచ్చి, కాసేపట్లోనే ఒలిచి కుప్ప పోసి పోతుంది. తెల్ల మక్క అట్లాంటిది కాదు. వదిన పుట్టిల్లు బీదర్ వైపు. అక్కడి నుంచి వాళ్లమ్మ ఇచ్చిన విత్తనాన్ని కొంగున కట్టుకుని తెచ్చి, ఇంటి వెనక చెలక ముక్కలో ఏటా నాలుగు సాళ్లు వేస్తూ వచ్చింది. దానితో చేసిన రొట్టె మరునాటికి కూడా మెత్తగానే ఉంటుంది. పంట వచ్చాక మంచి కంకులు ఏరి, వాటి మీది ఆకులను జడలాగ అల్లి, పొయ్యి మీది దూలానికి వేలాడదీస్తుంది. పొగకు పురుగు పట్టదు. మృగశిర కార్తెలో వచ్చే మిరుగం వానలకు ముందు దించి, ఒలిచి, విత్తుతుంది. ఊళ్లో ఐదారు ఇళ్లవాళ్లు ఆమె దగ్గర పిడికెడు పట్టుకుపోయి తమ పెరట్లో వేసుకుంటారు. కానీ కంకులు దాచేది వదిన ఒక్కతే. ఆమె మానేస్తే వాళ్లమ్మ మక్క ఆ ఊళ్లో ఇక లేనట్టే.

“అన్నను ఒలవమనరాదూ?” అన్నాను.

“మీ అన్ననా! ఇత్తనం దాచిన చెయ్యే ఒలవాలె. మీ అన్న ఒలిస్తె మక్కలు మొలువయి, బీడీలు మొలుస్తయి.”

ఆమెను మధ్యాహ్నం బస్సెక్కించి, బజారులో నాలుగైదు ఎండు కంకులు కొని, నేను నేరుగా బొంబాయి రోడ్డు మీది వెల్డింగ్ దుకాణానికి పోయాను. ఎప్పుడో ఒక రైతుల మేళాలో చూసిన పనిముట్టు నా మనసులో మెదులుతోంది. జానెడు కన్నా పొట్టిగా ఉండే ఇనుప గొట్టం. రెండు వైపులా తెరిచే ఉంటుంది. లోపలి గోడకు నాలుగు సన్నని రేకులు నిలువుగా అతికి ఉంటాయి. ఒక చేత్తో గొట్టం పట్టుకుని, రెండో చేత్తో కంకిని అందులో దూర్చి తిప్పితే, ఆ రేకులు గింజల వరసల నడుమ దూరి వాటిని ఊడదీస్తాయి. బొటనవేలితో పనే లేదు. పిడికిట్లో పట్టుకుని తిప్పితే చాలు. దానికి కరెంటు వద్దు, డీజిలు వద్దు, దేవుడూ వద్దు.

నేను కాగితం మీద గీసిన బొమ్మను దుకాణం ఆయన తలకిందులుగా పట్టుకుని చూశాడు. “ఇదేంది మేడమ్, నల్లా పైపా?”

సంచిలోంచి ఒక కంకి తీసి చూపించాను.

“అచ్ఛా, మక్కలు ఒలుసుడా! మా అమ్మీజాన్ రాత్రనక పగలనక గిదే పని జేస్తుండె. జర కూసోన్రి. ఫికర్ వద్దు.”

మొదట చేసిన గొట్టం గింజలను కోసి పారేసింది. రేకుల అంచులు కత్తుల్లా ఉన్నాయి. ఆయన వాటిని వేలితో తడిమి, తల ఊపి, ఆకురాయి తీసుకుని అంచులన్నీ నున్నగా అరగదీశాడు. “గింజ తెగొద్దు, రాలాలె. గంతేనా?” రెండోసారి కంకి దూర్చి తిప్పితే గింజలు జలజలా రాలాయి, ఒక్కటీ పగల్లేదు. ఆయనకు ఎంత సంబరమంటే పక్క టైర్ల దుకాణం వాళ్లను పిలిచి, నేను నమూనాకు తెచ్చిన మిగతా మూడు కంకులూ ఒలిచి చూపించాడు.

ఆదివారం పొద్దున్నే గొట్టం సంచిలో వేసుకుని ఊరికి పోయాను. వదిన అప్పటికే కంకులు దించి గంపలో పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. వేలికి పసుపు పట్టించిన గుడ్డ చుట్టుకుంది. ఆరాటంగా చూస్తూ కోళ్లు చుట్టూ చేరాయి. ఆమె ఒక కంకి తీసి, ఎడమ చేతి గోటితో కొసన ఉన్న గింజలు కొన్ని, మొదట్లో ఉన్న గింజలు కొన్ని గీకి కోళ్లకు వేసింది. తర్వాత నడుమ ఒలవబోయి “అబ్బా” అని ఆగిపోయింది. నొప్పిలో కూడా కోళ్లను మరువని మనిషి అని నేను మురిసిపోయాను. ఆ మురిపెం నా కొంప ముంచబోతోందని అప్పుడు తెలియదు.

గొట్టం తీసి ఆమె ఒళ్లో పెట్టాను. నిప్పు తగిలినట్టు చేయి వెనక్కి తీసుకుంది.

“ఇనుమా?”

“ఇనుమే. ఏం?”

“ఇత్తనానికి ఇనుము తగలొద్దు పిల్లా. మొలువది. మా అమ్మ చెప్పింది.”

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. ‘ముట్టొద్దు’, ‘తగలొద్దు’ అనే మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. నా చిన్నతనంలో మా మేనత్త ఒకామె చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని మా ఇంట్లో ఉండేది. విత్తనాలు బయటికి తీసే రోజు ఆమెను లోపలి గదిలో కూర్చోబెట్టేవారు. ఆమె నీడ గింజ మీద పడకూడదట. “నీడ పడితే గింజకు ఏమవుతుంది?” అని అడిగినందుకు నాకు చెంపదెబ్బ దొరికింది కానీ జవాబు దొరకలేదు. ఏడాది పొడవునా ఆ విత్తనాల పైరుకు కలుపు తీసింది, ఆ పంటను కోసింది ఆమే. కోతకు పనికొచ్చిన చేయి విత్తనానికి పనికిరాకుండా పోయింది. పట్నంలో చదువుకునే రోజుల్లో నేను సంస్కరణ చర్చా వేదికలెక్కి గొంతు చించుకుంటే, దాని వెనక ఉన్నది ఏ పుస్తకమూ కాదు, ఆ మూసిన తలుపు. మన దేశంలో ‘తగలొద్దు’ అనే నియమం వస్తువులతో మొదలై మనుషుల దగ్గర తేలుతుందని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను.

అందుకే వదినకు ఆ వాకిట్లోనే ఒక ఉపన్యాసం ఇచ్చాను. నాగలి కర్రు ఇనుము కాదా? కొడవలి ఇనుము కాదా? విత్తనం పడే సాలును చీల్చేదే ఇనుమైతే, ఆ విత్తనానికి ఇనుమంటే అలక ఎందుకు? మాట్లాడుతూనే గొట్టం చేతిలోకి తీసుకుని, ఆమె గంపలోంచి ఒక్కో కంకి తీసి, చివరి నుంచి చివరి దాకా ఒలిచేస్తున్నాను. బెండు బోడిగా బయటపడుతోంది. వదిన చేతులు కట్టుకుని చూస్తోంది.

“అయిపోయిందా?” అంది.

“ఇది మూఢనమ్మకం, వదినా.”

“నీకు తెల్వనిదంత మూఢనమ్మకమేనా?”

ఈ ప్రశ్న నన్ను ఏ వేదిక మీదా ఎవరూ అడగలేదు. అరుగు మీద కూర్చున్న మా అన్న బీడీ పక్కకు తీసి, “మంచిగడిగినవు,” అన్నాడు.

“నువ్వు ఊకో,” అన్నాం ఇద్దరం.

పరీక్ష పెడదామన్నాను. ఆమె చేత్తో ఒలిచిన గింజలు వంద, నేను గొట్టంతో ఒలిచినవి వంద, విడివిడిగా తడి గోనెపట్టాలో చుట్టి ఐదు రోజులు ఉంచుదాం. రెండూ ఒకే తీరుగా మొలిస్తే ఆమె గొట్టంతో ఒలిచి, విత్తనం నిలుపుకోవాలి. గొట్టంవి మొలవకపోతే నేను జన్మలో విత్తనాల ఊసెత్తను.

“నీ నోరు మూస్తదంటె నొప్పి ఉన్నా వంద గింజలు ఒలుస్త,” అంది వదిన. ఎడమ చేత్తోనే, పళ్లు బిగించి, ఒక్కో గింజా గీకుతూ వంద గింజలు ఒలిచింది. రెండు చుట్టలకూ వేరువేరు రంగు దారాలు కట్టి, నీడలో పెట్టి, కోళ్ల నుంచి కాపాడటానికి పైన గంప బోర్లించి రాయి పెట్టాను. పూటపూటకూ నీళ్లు చిలకరించడానికి వారమంతా అక్కడే ఉండిపోయాను.

ఐదో రోజు పొద్దున చుట్టలు విప్పాం.

వదిన చుట్టలో నాలుగైదు తప్ప అన్నీ మొలిచాయి. తెల్లగా, బలంగా, ఒకే ఎత్తులో. నా చుట్టలో ఇరవైకి పైగా అసలు నోరే విప్పలేదు. మొలిచిన వాటిలోనూ కొన్ని దారప్పోగుల్లా ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. మూడోసారి కూడా లెక్కపెట్టాను. లెక్కకు జాలి లేదు.

మా అన్న లోపలికి పోతూ, “సభ ముగిసిందా?” అన్నాడు.

వదిన గొట్టాన్ని కడిగి, తుడిచి, నా సంచిలో పెట్టింది. “నువ్వేం ఫికర్ జేయకు పిల్లా. నా మంచికే తెచ్చినవు. ఇత్తనం నాతోని ఇంతే ఉండె.” గెలిచిన మనిషి మాటల్లా లేవు అవి. ఒలవని కంకులు ఇంకా గంపనిండా ఉన్నాయి. వాటి వైపు చూడకుండా పాలచెంబు తీసుకుని బర్రె దగ్గరికి పోయింది.

నేను మొలవని గింజలను ఒక పళ్లెంలో వేసుకుని అరుగు మీద కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఓడిపోయానన్న బాధ కన్నా ఇనుము నన్ను గెలవనివ్వలేదన్న కోపం ఎక్కువ. అద్దాలు పెట్టుకుని ఒక్కో గింజనూ తిప్పి చూశాను. పగుళ్లున్నాయేమోనని వెతికాను, లేవు. దుకాణం ఆయన అంచులు బాగానే అరగదీశాడు. అప్పుడు వేరొకటి కనబడింది. మొలవని వాటిలో చాలా వరకు చిన్నగా, గుండ్రంగా, బఠాణీల్లా ఉన్నాయి. కొన్ని వంకరగా, లావుగా ఉన్నాయి. వదిన గింజలు అట్లా లేవు. అన్నీ చదునుగా, ఒక మూసలో పోసినట్టున్నాయి.

గంపలోంచి ఒక కంకి తీశాను. కొసన ఉన్నవి చిన్నవి, గుండ్రనివి. మొదట్లో ఉన్నవి వంకరవి. నడుమ ఉన్నవే చదునువి.

కోళ్లు నా కాళ్ల దగ్గర తచ్చాడుతున్నాయి. అప్పుడు వెలిగింది.

“వదినా!” అని అరిచిన అరుపుకు బర్రె కూడా తల తిప్పింది. “నువ్వు కోళ్లకు వేసింది ఏ గింజలు?”

“కొసయి, మొదటియి. ఎప్పటికి అవే ఏస్త గద.”

“ఎందుకు?”

“కొస కోడికి, మొదలు కోడికి, నడుమ నేలకు. అట్లనే ఒలుస్తరు.”

“మరి నేను కంకి మొత్తం ఒలుస్తుంటే చూస్తూ కూర్చున్నావు కదా! ఒక్క మాట చెప్పరాదా?”

“నువ్వు చెప్పనిచ్చినవా? నాగలి అంటివి, కొడవలి అంటివి. నేను నీ నోరెప్పుడు ఆగుతదా అని జూసిన.”

ఇన్నేళ్లు పిల్లలకు చెప్పిన మొదటి పాఠం ఒకటుంది. రెండింటిని పోల్చేటప్పుడు ఒక్క తేడానే ఉండాలి. ఇనుము తగలడం, తగలకపోవడం ఒక్కటే తేడా అనుకున్నాను. నా చుట్టలో రెండో తేడా కూడా ఉంది. కొసా మొదలూ కలిసిపోయాయి. ఒక మూఢనమ్మకాన్ని పట్టుకోవాలన్న తొందరలో, దాని పక్కనే కూర్చున్న తెలివిని కోళ్లమేత అనుకున్నాను. బొటనవేలితో ఒలిచేటప్పుడు కొసా మొదలూ విడదీయడం తేలిక. ఇనుముతో ఒలిచినవాళ్లు ఎప్పుడో ఎక్కడో నాలాగే అన్నీ కలిపేసి ఉంటారు, మొలకలు తగ్గి ఉంటాయి, నింద ఇనుము మీద పడి ఉంటుంది. ఇది నా ఊహ. ఊహను ఊహ అనే చెప్పడం కూడా పాఠంలో భాగమే.

“ఇంకోసారి పరీక్ష పెడదాం,” అన్నాను.

“వాన పడేటట్టున్నది పిల్లా. ఇంకెన్ని పరీక్షలు?”

“ఒక్కటే. మూడు చుట్టలు. నడుమ గింజలు చేత్తో ఒలిచినవి మొదటిది. నడుమ గింజలే, గొట్టంతో ఒలిచినవి రెండోది. కొసా మొదలూ గింజలు, నువ్వు చేత్తో గీకినవి, ఇనుము వాసన కూడా తగలనివి మూడోది.”

వదిన గంపను దగ్గరికి లాక్కుంది. “అయిదు రోజులే,” అంది.

ఈసారి నోరు మూసుకుని పని చేశాను. కొసా మొదలూ ఏవో, నడుమ ఎక్కడ మొదలవుతుందో వదినే చూపించింది. కొస నుంచి రెండు వేళ్ల మందం, మొదటి నుంచి ఒక వేలు. నాలుగో రోజు సాయంత్రం కర్ణాటక దిక్కు నుంచి మబ్బు లేచి తొలివాన పడింది. ఊరంతా సంబరపడుతుంటే నేను చుట్టల మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాను. అది చూసి మా అన్న నవ్విన నవ్వు మూడిళ్ల అవతలికి వినబడింది.

ఐదో రోజు వదినే ముడులు విప్పింది. మొదటి చుట్ట నిండుగా మొలిచింది. రెండోది, ఇనుము తగిలినది, దాని పక్కన పెడితే ఏది ఏదో చెప్పలేనంత నిండుగా మొలిచింది. మూడోది విప్పితే, ఇనుము ముఖం చూడని ఆ కొసా మొదలూ గింజల్లో ఇంచుమించు మూడో వంతు మొద్దునిద్రలో ఉన్నాయి.

“ఏమంటావు?” అన్నాను. గొంతులో గర్వం దాచుకోలేకపోయాను.

“ఏమంట? కొస కోడికే అని నేను ముందుగాలనే చెప్పిన గద.”

“నువ్వు చెప్పింది ఇనుము గురించి!”

“అది గూడ చెప్పిన, ఇది గూడ చెప్పిన. నువ్వు తప్పుదాన్ని పట్టుకున్నవు.”

ఆమె నా సంచిలో చేయి పెట్టి గొట్టం తీసింది. ఎడమ చేత్తో పట్టుకుని, కుడి పిడికిట్లో కంకి పట్టుకుని, కొసను కొద్దిగా దూర్చి సగం మెలిక తిప్పింది. కొస గింజలు మాత్రమే రాలాయి. కంకిని తిరగేసి మొదటిని దూర్చి అంతే తిప్పింది. అవీ రాలాయి. కోళ్లు పరుగెత్తుకొచ్చాయి. తర్వాత ఒళ్లోకి చేట లాక్కుని, కంకిని లోపలి దాకా నెట్టి తిప్పింది. నడుమ గింజలు చేటలో పడ్డాయి. బొటనవేలు బిగుసుకుని పక్కనే ఉంది, దానికి ఏ పనీ తగలలేదు. కొసా మొదలూ తీయడానికి కూడా అదే గొట్టం పనికొస్తుందని పరీక్షలు పెట్టిన నాకు తట్టలేదు. ఒలిచే మనిషికి మొదటి కంకికే తట్టింది.

“మంచిగనే ఉన్నది,” అంది రెండో కంకి తీసుకుంటూ. ఆ పూటకు గంప ఖాళీ అయింది.

మరునాడు పదును చూసి విత్తడానికి అందరూ తొందరపడుతున్నారు. ఎదురింటామె ఏటా వచ్చినట్టే పిడికెడు తెల్ల మక్కల కోసం కొంగు పట్టుకుని వచ్చింది. చేట పక్కన గొట్టం చూసి గడప దగ్గరే ఆగింది.

“ఇదేందక్కా? ఇత్తనం ఇనుముతోని ఒలిచినవా?”

వదిన తడుముకోలేదు. “ఒలువొచ్చు. ముందుగాల కొస తిప్పాలె, వెనక మొదలు తిప్పాలె. ఆ రెండు కోళ్లు తిన్నంకనే నడుమ ముట్టాలె. గట్ల చేయకుంటె ఇత్తనం అలుగుతది. మా ఆడిబిడ్డ శాస్త్రం జూసి చెప్పింది.”

“ఆహా, శాస్త్రంల ఉన్నదా?” అని ఆమె నాకేసి భక్తిగా చూసింది.

నేను లేచి నిలబడ్డాను. “అలగడం కాదమ్మా. కొస గింజలు సరిగా ముదరవు, అందుకని మొలవవు. కోళ్లు తిన్నా తినకపోయినా ఏం కాదు.”

“అదే గద నేను చెప్పింది,” అంది వదిన. “అలుగుతది, మొలువది. నీకు ఏ మాట నచ్చితె ఆ మాట అనుకో.”

“కోళ్లు లేనోళ్లు ఏం జేయాలె మరి?” అని ఎదురింటామె నిజంగానే అడిగింది.

“మా కోళ్లకు తెచ్చి ఎయ్యి,” అంది వదిన.

నేను మళ్లీ నోరు తెరిచాను. వదిన అప్పటికే చేటలో చేయి పెట్టి, పిడికిట నిండా గింజలు తీసి, ఆమె కొంగులో పోసింది. ఒకటి కాదు, మూడు పిడికిళ్లు. “ఈసారి కంకులు నువ్వు గూడ దాసుకోవాలె. ఒలిచేటప్పుడు గొట్టం నా దగ్గర తీస్కపో, వారం పది రోజులైనా సరే. దాచిన చెయ్యే ఒలవాలె గద, ఇగ నీ చెయ్యి గూడ దాచిన చెయ్యే అయితది.”

ఎదురింటామె కొంగు ముడి వేసుకుంటూ, గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, ఒక కన్ను మూసి లోపలి రేకులను చూసింది. “ఇట్లాంటిది ఇంకోటి జేపిస్తరా మేడమ్?” అని నన్ను అడిగింది.

చేయిస్తానన్నాను. ఎన్ని కావాలో ఊళ్లో కనుక్కుని చెప్పమన్నాను. కోళ్ల సంగతి తర్వాత వాదించుకోవచ్చు.